సిండ్రెల్లా ఎందుకు మాట విన్నది?

(వేసవి సెలవుల్లో గ్రంథాలయంలో జరిగిన పుస్తక పరిచయ సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఒకసారి చెయ్యెత్తండి. సరే, వినపడుతోందన్నమాట. ఫ్యాన్ల కింద కుర్చీలు మాత్రం అందరికంటే ముందు నిండాయి, అది కూడా చూశాను.

నన్ను పిలిచినవాళ్లు "పాత కథల్ని కొత్తగా చెప్పడం" అనే విషయం మీద మాట్లాడమన్నారు. అది ఒక పూటతో తెమిలేది కాదు. మనకి రామాయణం ఒక్కటే ఎంతమంది చెప్పారో లెక్క తేలదు. "మరల నిదేల రామాయణంబన్నచో" అని విశ్వనాథ వారు ఆ ప్రశ్న తనకు తనే వేసుకుని మరీ మొదలుపెట్టారు. వోల్గా గారు 'విముక్త'లో సీతను తీసుకెళ్లి శూర్పణఖతో, అహల్యతో మాట్లాడించారు. 2015లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కాబట్టి తెలిసిన కథనే ఇంకోసారి చెప్పడం మనకి వింతేమీ కాదు. అయితే ఇవాళ ఆ దారిన వెళ్తే సాయంత్రానికి కూడా బయటపడం. అందుకని ఒకే ఒక్క నవల పట్టుకుంటాను. అది కూడా టీనేజీ పిల్లలు చదివే ఫాంటసీ నవల. పెద్దవాళ్లు దయచేసి లేచి వెళ్లిపోకండి, మీకు కూడా ఇందులో గుచ్చుకునేవి ఉన్నాయి.

ఆ నవల పేరు 'ఎల్లా ఎన్‌చాంటెడ్'. రాసినావిడ గెయిల్ కార్సన్ లెవిన్, అమెరికన్. 1997లో వచ్చింది. మరుసటి ఏడాది పిల్లల సాహిత్యానికి ఇచ్చే న్యూబరీ పురస్కారాల్లో దీనికి ఆనర్, అంటే మొదటి బహుమతి తర్వాతి గుర్తింపు, దక్కింది. సిండ్రెల్లా కథే. సవతి తల్లి, సవతి అక్కలు, బూడిద, గుమ్మడికాయ బండి, అర్ధరాత్రి పన్నెండు, గాజు చెప్పు, రాజకుమారుడు... యూకేజీ పిల్లని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది.

లెవిన్ గారు అప్పటికి పేరున్న రచయిత్రి కాదు. న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వంలో ఉద్యోగం చేస్తూ, పంపిన పుస్తకమల్లా తిరిగొస్తున్నా ఏళ్ల తరబడి రాస్తూ పోయిన మనిషి. ఒక రచనా తరగతిలో చేరారు. అక్కడ ఏదో ఒకటి రాసి చూపించాలి, చేతిలో కథ లేదు. సిండ్రెల్లా అయితే కథంతా రెడీమేడ్‌గా ఉంటుంది కదా అనుకున్నారట. తీరా కూర్చున్నాక ఆ పిల్ల గురించి ఆలోచిస్తే, ఇంత మంచి పిల్లతో పది పేజీలు కూడా వేగలేను అనిపించిందట. ఆవిడే చెప్పుకున్న సంగతి ఇది. అంత మంచితనం ఏమిటి? అంత చాకిరీ చేయిస్తుంటే ఎదురు చెప్పదేం? చీపురు విసిరికొట్టదేం? ఆ విసుగులోంచే నవల పుట్టింది.

నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. పాత కథలో ఒక చోట బొక్క ఉంటుంది. చెప్పేవాళ్లు దాన్ని దాటేస్తారు, వినేవాళ్లు కూడా దాటేస్తారు. తిరగరాసేవాళ్లు అక్కడ ఆగాలి. చాలామంది ఆగరు. రాజకుమారుడికి మోటారుసైకిల్ ఇస్తారు, హీరోయిన్ చేతికి కత్తి ఇస్తారు, అయిపోయిందంటారు. బట్టలు మార్చినంత మాత్రాన కథ మారదు.

ఆ బొక్క ఎక్కడుందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మనందరికీ తెలిసిన సిండ్రెల్లా 1697 నాటి ఫ్రెంచి సిండ్రెల్లా. చార్లెస్ పెరో రాసింది. గుమ్మడికాయ, గాజు చెప్పు, మంత్రాలు తెలిసిన గాడ్‌మదర్ (పిల్లని కనిపెట్టుకుని ఉండే ధర్మతల్లి), ఇవన్నీ మనకి ఆయన దగ్గర్నుంచే వచ్చాయి. అందులో తండ్రి బతికే ఉంటాడు. ఇది చాలామందికి గుర్తుండదు. పిల్ల ఆయనతో చెప్పుకోదు. ఎందుకంటే ఆయన పూర్తిగా పెళ్లాం చెప్పుచేతల్లో ఉన్నాడు, చెబితే ఈ పిల్లనే తిడతాడు. అందుకని ఓపికగా భరిస్తుంది. చివర్లో అక్కల్ని క్షమించేసి, వాళ్లకి కూడా మంచి సంబంధాలు చూసి పెళ్లిళ్లు చేస్తుంది! కథ చివర పెరో గారు రెండు నీతులు పెట్టారు. మొదటిది, అందం కంటే మంచితనం, నడవడిక గొప్పవని. రెండోదానిలో మాత్రం ఆయన చిలిపితనం బయటపడుతుంది. తెలివి, ధైర్యం, మంచి వంశం అన్నీ ఉన్నా, వెనక నిలబడే గాడ్‌మదరో గాడ్‌ఫాదరో లేకపోతే అవేవీ అక్కరకు రావంటాడు. అంటే రికమెండేషన్ అన్నమాట. (నవ్వులు) పద్నాలుగో లూయీ కాలంలో ప్రభుత్వ కొలువు చేసిన మనిషి, ఆయనకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

తర్వాత 1812లో జర్మనీలో గ్రిమ్ సోదరులు. వాళ్ల కథలో గాడ్‌మదర్ లేదు. తల్లి సమాధి మీద పెరిగిన చెట్టు ఉంది, పావురాలు ఉన్నాయి. చెప్పు పట్టడం కోసం ఒక అక్క కాలి వేలు కోసుకుంటుంది, ఇంకొకామె మడమ కోసుకుంటుంది. అంతా రక్తం. కానీ మొదట్లో తల్లి చనిపోతూ ఏం చెబుతుంది? భక్తిగా, మంచిగా ఉండమ్మా అని. ఆ పిల్ల అలాగే ఉంటుంది. సవతి తల్లి పప్పుగింజలు బూడిదలో పోసి ఏరమంటే కూర్చుని ఏరుతుంది.

ఇంకొంచెం వెనక్కి, ఇటలీకి వెళ్దాం. నేపుల్స్‌లో బాసిలే అనే ఆయన రాసిన కథలు ఆయన పోయాక 1634–36 మధ్య అచ్చయ్యాయి. అందులో సిండ్రెల్లా పేరు జెజొల్లా. ఈ జెజొల్లా ఏం చేస్తుందో తెలుసా? సవతి తల్లిని పెట్టెలోంచి పాత బట్టలు తీసిపెట్టమంటుంది. ఆవిడ వంగగానే పెట్టె మూత ధడాలున వదులుతుంది. మెడ విరిగి ఆవిడ పోతుంది! ఇలా చెయ్యమని నూరిపోసింది ఇంట్లో పంతులమ్మ. తర్వాత ఆ పంతులమ్మే తండ్రిని పెళ్లి చేసుకుని, ఇంకో సవతి తల్లయి కూర్చుంటుంది. అప్పుడు మొదలవుతాయి మన పిల్ల బూడిద కష్టాలు.

అంటే సిండ్రెల్లా పుట్టుకతోనే బుద్ధిమంతురాలేమీ కాదు. యూరప్‌లో ఈ కథ చేతులు మారుతూ పోయేకొద్దీ, పిల్లలకు చెప్పే కథగా మారేకొద్దీ, ఆమె గీసిన గీత దాటని పిల్లగా స్థిరపడింది. 1893లో మేరియన్ కాక్స్ అనే ఆవిడ ఈ కథ రూపాంతరాలు 345 పోగుచేసి పుస్తకం వేసింది. చైనాలో తొమ్మిదో శతాబ్దంలోనే యె షియన్ అనే పిల్ల కథగా రాసిపెట్టారు. అక్కడ సాయం చేసేది చేప ఎముకలు. ఇన్ని రకాలుగా తిరిగిన కథ. కానీ 1950లో డిస్నీ సినిమా వచ్చాక ప్రపంచం మొత్తానికీ ఒకే సిండ్రెల్లా మిగిలింది. నవ్వుతూ నేల తుడిచే సిండ్రెల్లా.

ఆ నవ్వు మీదే లెవిన్ గారికి అనుమానం వచ్చింది.

ఇప్పుడు నవల్లోకి వద్దాం. ఎల్లా అనే పిల్ల పుట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ ఒకటే ఏడుపు. లూసిండా అనే దేవకన్య చూడటానికి వచ్చింది. ఈ లూసిండాకి పెళ్లిళ్లకీ పురుళ్లకీ పిలవకుండానే వెళ్లి వరాలివ్వడం సరదా. ఈ పాపకి కూడా ఒక వరం ఇచ్చింది. విధేయత. ఎవరేం చెప్పినా వింటుంది. "ఇక ఏడుపు ఆపు" అంది. పాప టక్కున ఆపేసింది. తల్లి, వంటమనిషి మాండీ ఇద్దరూ గుండెలు బాదుకున్నారు. లూసిండాకి మాత్రం, ఇంత మంచి వరం ఇస్తే వీళ్లకేం వచ్చింది అని ఆశ్చర్యం.

ఇది చిన్న మార్పు. కానీ దీంతో కథ మొత్తం తలకిందులైంది. సిండ్రెల్లా మాట వినడం ఆమె మంచితనం కాదు, ఆమెకి తగిలిన శాపం.

ఎల్లాకి అయిదో పుట్టినరోజు నాడు ఈ సంగతి తెలుస్తుంది. ఆ సీను కొంచెం దగ్గరగా చూద్దాం. మాండీ కేక్ చేసి, ముక్క కోసి పెట్టి, తినమంటుంది. అంతే. పిల్ల తింటుంది. ఒక ముక్క అయింది, రెండోది అయింది. పళ్లెంలోది అయిపోతే ఫోర్కు తీసుకుని అసలు కేక్ మీదకే వెళ్తుంది. తల్లి కోప్పడబోతే, పోనీలెండి పుట్టినరోజు కదా అని మాండీ ఇంకో ముక్క వడ్డిస్తుంది. పిల్లకి కడుపు నిండిపోయింది, మింగుడు పడటం లేదు, భయం వేస్తోంది, అయినా చెయ్యి ఆగదు. తింటూనే ఏడుస్తుంది. తల్లికి ముందు అర్థమైంది. "ఎల్లా, తినడం ఆపు" అంది. ఆగింది.

నేను ఈ సీను కాలేజీ పిల్లలకు చదివి వినిపించినప్పుడు మొదట నవ్వారు. "తింటూనే ఏడుస్తుంది" అన్న దగ్గర నవ్వు ఆగిపోయింది. మనం కూడా పిల్లల్ని "ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద" అని ప్రేమగానే కుక్కుతాం కదా. ఇక్కడ మాండీ దుర్మార్గురాలేం కాదు. ఎల్లాని ప్రాణంలా చూసుకునే మనిషి. ఆ మనిషి ప్రేమతో అన్న ఒక్క మాట కూడా ఆ పిల్ల పాలిట శిక్షే. లెవిన్ గారు శాపాన్ని సవతి తల్లితో మొదలుపెట్టకుండా ఇలా కేక్‌తో మొదలుపెట్టడం నాకు చాలా నచ్చింది.

ఫాంటసీ రాద్దామనుకునే పిల్లలు ఇక్కడ ఉన్నారని విన్నాను. మీకోసం ఒక మాట. ఈ నవల్లో మాయకి నిబంధనలు ఉన్నాయి, అవి మొదటి పేజీల్లోనే చెప్పేస్తారు. ఎల్లా మీద పనిచేసేది సూటిగా ఇచ్చిన ఆజ్ఞ మాత్రమే. "శాలువా కప్పుకో" అంటే కప్పుకోవాల్సిందే. "శాలువా కప్పుకుంటే బాగుండేది" అంటే అక్కర్లేదు. ఎదురు తిరగడానికి ప్రయత్నిస్తే ఊపిరాడదు, కళ్లు తిరుగుతాయి, వాంతి వస్తుంది. ఎవరైనా నీ తల నువ్వే నరుక్కో అంటే అదీ చెయ్యాలి. మన పరశురాముడి కథ గుర్తొస్తుంది. తండ్రి చెప్పాడని తల్లి తలే నరికాడు. తర్వాత వరం అడిగి బతికించుకున్నాడు గానీ, నరికే క్షణంలో ఆయన మనసులో ఏముందో మనకు చెప్పినవాళ్లు తక్కువ.

నిబంధన ఇంత స్పష్టంగా ఉంది కాబట్టే సందులు వెతుక్కోవడం సాధ్యమవుతుంది. ఎల్లా చేసే పని అదే. మాండీ "నేను గుడ్లు గిలక్కొడతాను, ఈ గిన్నె పట్టుకో" అంటే ఎల్లా గిన్నె పట్టుకుంటుంది. పట్టుకుని వంటింట్లో నడుస్తూ ఉంటుంది. నిలబడి పట్టుకోమని చెప్పలేదుగా! మాండీ గిలక్కొడుతూ వెనకాలే తిరగాలి. కొన్ని బాదం పప్పులు తెమ్మంటే రెండే రెండు తెస్తుంది. నాకైతే ఈ పిల్ల మన ఇళ్లల్లో బాగా తెలిసిన పిల్లే అనిపించింది. "చదువుకో" అంటే పుస్తకం తెరిచి ముందు పెట్టుకుంటారు చూడండి, ఆ బాపతు. శాపం తనని మెత్తబరచలేదు, తిరగబడేలా చేసింది, లేకపోతే నేను పుట్టడమే అలా పుట్టానేమో అంటుంది ఎల్లా. ఆ "ఏమో" దగ్గర నవల మొత్తం ఉంది. ఆమె స్వభావం ఏది, శాపం ఏది అన్నది ఆమెకే తేల్చుకోవడం కష్టం.

తల్లి ఇంకో పని చేస్తుంది. ఈ శాపం గురించి ఎవరికీ చెప్పకూడదని ఎల్లాకి ఆజ్ఞ వేస్తుంది. బిడ్డని కాపాడుకోవడానికే. తెలిస్తే ఎవరైనా వాడుకుంటారు. నిజమే. కానీ ఆ ఆజ్ఞ వల్ల ఎల్లా సాయం కోసం కూడా నోరు విప్పలేదు. తల్లి పోయాక ఆ మాట అలాగే ఉండిపోతుంది. "ఇంటి గుట్టు బయట పెట్టకు" అని పెంచిన ఆడపిల్లలకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

తల్లి ఎలా పోయిందో కూడా ఒక ముక్కలో చెబుతాను. ఇద్దరికీ జలుబు చేస్తుంది. మాండీ సూపు చేస్తుంది, అందులో యూనికార్న్ (కథల్లో ఉండే ఒంటికొమ్ము గుర్రం) తోక వెంట్రుకలు వేస్తుంది. మందు అదే. వెంట్రుకలు చూసి తల్లికి వెగటు పుట్టి, తీసేసి తాగుతుంది. ఎల్లా అంతా తాగుతుంది. ఎల్లా బతుకుతుంది. ఇంతే. చెప్పిన మాట వినని తల్లి పోయింది, విన్న కూతురు మిగిలింది. విధేయత చెడ్డది, తిరుగుబాటు మంచిది అని లెవిన్ గారు లెక్క సులువు చెయ్యలేదు. ఇది ఆవిడ కావాలని పెట్టారో లేదో గానీ, నవల రెండోసారి చదివినప్పుడు ఇక్కడ ఆగిపోయాను.

తండ్రి సంగతి. పెరో కథలో తండ్రి ఉండీ లేనట్టే అన్నాను కదా. ఇక్కడ సర్ పీటర్ వ్యాపారి, పక్కా లెక్కల మనిషి. వ్యాపారం దెబ్బతినగానే కూతుర్ని డబ్బున్నవాడికి కట్టబెట్టాలని చూస్తాడు. తింటే ఎదుటివాళ్ల మీద ప్రేమ పుట్టించే పుట్టగొడుగులు కూతురికి తినిపించి మరీ పెళ్లిచూపులు పెడతాడు! తీరా చూస్తే ఆ పెళ్లికొడుకు దగ్గర అనుకున్నంత డబ్బు లేదు. అప్పుడు తనే ఒక డబ్బున్న విధవరాలిని, డేమ్ ఓల్గాని, పెళ్లి చేసుకుంటాడు. అలా వస్తుంది సవతి తల్లి. పాత కథలో తప్పంతా సవతి తల్లి నెత్తిన రుద్ది తండ్రిని తప్పించారు. ఇక్కడ తప్పించలేదు.

ఓల్గా కూతుళ్లలో పెద్దది హాటీ. మర్యాదలు నేర్పే బడికి ఎల్లాతో కలిసి వెళ్తూ దారిలోనే కనిపెట్టేస్తుంది, ఈ పిల్ల ఏం చెప్పినా చేస్తుందని. ఎందుకో తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఎల్లా తల్లి గొలుసు లాక్కుంటుంది. ఆ బడిలో ఎల్లాకి అరీడా అని పక్క దేశం పిల్లతో స్నేహం కుదిరితే, ఆ స్నేహం తెంచుకోమని ఆజ్ఞాపిస్తుంది. గొలుసు పోతే భరించింది గానీ, దీన్ని భరించలేక ఎల్లా ఆ రాత్రే బడి వదిలి పారిపోతుంది. స్నేహితురాలి మొహం మీద నువ్వంటే నాకిష్టం లేదని చెప్పలేక. ఇక్కడి నుంచి కథ ఊపందుకుంటుంది. మనుషుల్ని తినే రాక్షసులు, మరుగుజ్జులు, మహాకాయుల పెళ్లి, అన్నీ ఉన్నాయి. ఎల్లాకి భాషలు త్వరగా పట్టుబడతాయి. రాక్షసులు మనుషుల్ని తీయటి మాటలతో మత్తులో పడేసి తింటారు. ఎల్లా వాళ్ల భాషే నేర్చుకుని వాళ్ల మీదే ప్రయోగిస్తుంది. మాటకి లొంగే శాపం ఉన్న పిల్లకి మాటే ఆయుధం. బాగుంది కదా.

పారిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, లూసిండాని వెతికి శాపం తీయించుకోవడం. మహాకాయుల పెళ్లిలో లూసిండా దొరుకుతుంది. ఎల్లా తన బాధ చెప్పుకుంటుంది. లూసిండా ఏమంటుందో ఊహించండి. "ఇంత చక్కని గుణం ఉన్నందుకు సంతోషించు" అంటుంది. అది ఆజ్ఞ. ఎల్లాకి నిజంగానే సంతోషం వచ్చేస్తుంది!

నా లెక్కలో ఈ నవల్లో అన్నింటికంటే భయంకరమైన చోటు ఇదే. రాక్షసులున్న అధ్యాయాలు దీని ముందు దిగదుడుపు. అప్పటిదాకా ఎల్లా చేతులు కాళ్లు వేరేవాళ్ల మాట విన్నా, లోపల తిట్టుకునే స్వేచ్ఛ ఉంది. ఇప్పుడు అదీ పోయింది. ఇంటికొచ్చి, ఎవరేం చెప్పినా నవ్వు మొహంతో చేస్తుంది. ఇదే డిస్నీ సిండ్రెల్లా నవ్వు! ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో లెవిన్ గారు ఇలా కనిపెట్టారు. మన ఇళ్లల్లో పని చెప్పి ఊరుకుంటామా? "ఆ మొహం మాడ్చుకుని చేసే బదులు చెయ్యకపోతేనే నయం" అంటాం. పని చేస్తే చాలదు, ఇష్టంగా చేస్తున్నట్టు కనపడాలి కూడా. కొత్త కోడళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. చివరికి మాండీ ఇంకో ఆజ్ఞతో ఆ సంతోషాన్ని తీసేస్తుంది. ఎల్లాకి దుఃఖం తిరిగొస్తుంది, హమ్మయ్య అనుకుంటాం మనం. బాధ తిరిగొచ్చినందుకు పాఠకులు సంబరపడేలా రాయడం మామూలు విషయం కాదు.

ఈ మాండీ ఎవరో ఇంతవరకు చెప్పలేదు. ఆవిడే గాడ్‌మదర్. వంటింట్లోనే ఉంది. మరి మంత్రం వేసి శాపం తీసేయొచ్చు కదా అంటే, తీయదు. సూపు చెయ్యడం లాంటి చిన్న మాయలు చేస్తుంది గానీ పెద్ద మాయ జోలికి పోదు. పెద్ద మాయ వల్ల ఎక్కడ ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు, లూసిండాయే సాక్ష్యం. తర్వాత మాండీ సవాలు చేస్తే లూసిండా తనే కొన్నాళ్లు విధేయురాలిగా ఉండి చూస్తుంది. అప్పుడు గానీ బుద్ధి రాదు. బుద్ధి వచ్చింది కాబట్టి ఇక వరాలు వెనక్కి తీసుకోవడం కూడా మానేసింది, అది కూడా పెద్ద మాయే కదా! అలా ఆ తలుపు కూడా మూసుకుపోతుంది.

ఇక రాజకుమారుడు. పేరు చార్మాంట్, అందరూ చార్ అంటారు. పాత కథలో ఇతను ఒక రాత్రి డాన్స్ చేసి, మొహం గుర్తుపెట్టుకోలేక చెప్పు పట్టుకుని ఊరంతా తిరిగిన మనిషి. ఇక్కడ ఎల్లా తల్లి అంత్యక్రియల నాడు మొదలై నెలల తరబడి సాగే స్నేహం. చెప్పులు కూడా ఇద్దరూ కలిసి పాత కోటలో ఆడుకుంటుంటే దొరుకుతాయి. అవి ఆమెకే ఎందుకు పడతాయంటే, ఆమెలో దేవకన్యల రక్తం ఉంది, పాదాలు చిన్నవి. విందులో ఎందుకు గుర్తుపట్టలేదంటే, ఆమె ముసుగు వేసుకుని వచ్చింది. ఇవన్నీ చిన్న బొక్కలు, గబగబా పూడ్చుకుంటూ పోయారు.

చార్ పక్క దేశం వెళ్లి అక్కడి నుంచి ఉత్తరాలు రాస్తాడు. ఒక ఉత్తరంలో నిన్ను ప్రేమిస్తున్నానంటాడు. ఎల్లా ఎగిరి గంతేస్తుంది. తర్వాత తట్టుతుంది. నేను రాణినైతే? ఎవరో వచ్చి చెవిలో "రాజుని పొడిచెయ్" అంటే? ఊరి రహస్యాలు చెప్పమంటే? అప్పుడు కూర్చుని, హాటీ రాసినట్టుగా ఒక ఉత్తరం రాస్తుంది. ఎల్లా ఎవరో డబ్బున్నవాడితో వెళ్లిపోయింది, నీ ఉత్తరాలు చూసి నవ్వుకునేది అని. తనంటే అసహ్యం పుట్టేలా తన చేత్తోనే రాసుకుంటుంది. ఇది ఎవరూ ఇచ్చిన ఆజ్ఞ కాదు, గమనించారా? అతని కోసం ఆమె మొదటిసారి సొంతంగా తీసుకున్న పెద్ద నిర్ణయం ఇదే.

ముగింపు చెప్పకుండా ఉండలేను. చదవనివాళ్లు కావాలంటే చెవులు మూసుకోండి. చార్ చెప్పు పట్టుకుని ఇంటికొస్తాడు. నన్ను పెళ్లి చేసుకో అంటాడు. అది ప్రేమతో అడిగిన మాటే, కానీ వాక్యంగా చూస్తే ఆజ్ఞ! సవతి కుటుంబం కూడా పెళ్లాడమంటూ మీదపడుతుంది. ఆమె నోరు సరే అనడానికి తెరుచుకుంటోంది. మనసులో ఆమె కోరుకునేది కూడా అదే. ఒళ్లంతా సరే అంటోంది. అయినా అతన్ని కాపాడాలి, దేశాన్ని కాపాడాలి. గొంతు నొక్కుకుని, ఊగిపోతూ, చివరికి చెయ్యను అని అరుస్తుంది. శాపం విరిగిపోతుంది.

ఇష్టం లేని పనికి కాదనడం ఒక ఎత్తు. ప్రాణమంతా పెట్టుకుని కోరుకుంటున్నదానికి కాదనడం ఇంకో ఎత్తు. మంత్రదండం కాదు, ముద్దు కాదు, ఆమె గొంతే ఆ పని చేసింది.

2004లో ఇది సినిమాగా వచ్చింది, ఆన్ హాతవే నటించింది. పాటలు, హడావుడి, ఒక దుర్మార్గపు బాబాయి, మాట్లాడే పాము. సరదాగానే ఉంటుంది. కానీ శాపం విరిగే చోట మార్చేశారు. రాకుమారుణ్ణి పొడవబోతూ ఎల్లా అద్దంలో తనని తాను చూసుకుని, ఇకనుంచి నువ్వు ఎవరి మాటా వినవు అని తనకు తానే ఆజ్ఞ ఇచ్చుకుంటుంది. చూడటానికి చప్పట్లు కొట్టించే సీనే. కానీ ఆలోచించండి, అది కూడా ఒక ఆజ్ఞకి లొంగడమే కదా? పుస్తకంలో లొంగలేదు. నాకు పుస్తకమే నచ్చింది.

లోటుపాట్లు లేవా? ఉన్నాయి. సవతి అక్కలు ఇద్దరూ పాత అచ్చులోంచే దిగారు. ఒకామెకి నగల పిచ్చి, ఇంకొకామెకి డబ్బు పిచ్చి. ఎల్లాకి ఇంత లోతు ఇచ్చిన చేత్తో వాళ్లకి ఒక్క పేజీ జాలి కూడా విదల్చలేదు. అలాంటి తల్లి దగ్గర పెరిగిన పిల్లలు వాళ్లు, వాళ్లకి తగిలిన శాపం ఏమిటో ఎవరూ అడగలేదు. ఆ నవల ఇంకెవరైనా రాయాలి. పెళ్లితో ముగించడం మీద కూడా కొంతమందికి అభ్యంతరం ఉంది. నాకు అంత లేదు. ఎందుకంటే పెళ్లయ్యాక ఎల్లా రాకుమారి అనే బిరుదు వద్దంటుంది. ఆస్థాన భాషావేత్త, వంటమనిషికి సహాయకురాలు, ఈ రెండు హోదాలు మాత్రం తీసుకుంటుంది.

ఇంక నేను ఆపుతాను, ఏమైనా అడగండి.

(సభలో ఒక విద్యార్థిని: మేడమ్, మన తెలుగు కథ ఏదైనా ఇలా రాయాలంటే దేనితో మొదలుపెట్టాలి?)

మంచి ప్రశ్న. నన్నడిగితే బాలనాగమ్మ. కథ తెలుసా నీకు? సినిమా అయినా చూశావా? సరే, తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో. మాయల ఫకీరు బాలనాగమ్మని కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. తనని పెళ్లి చేసుకోమంటాడు. ఆమె నోము పట్టానని, అది తీరేదాకా ఆగమని ఏళ్ల తరబడి వాణ్ణి ఆపుతుంది. ఈలోగా కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై, ఫకీరు ప్రాణం చిలకలో ఉందని తెలుసుకుని, ఆ చిలకని పట్టి తల్లిని విడిపిస్తాడు. అందరం కొడుకు సాహసం చూస్తాం. నేను ఆగేది ఆ నోము దగ్గర. అన్నేళ్లు ఆ కోటలో ఆమె ఏం చేసింది? రోజూ పొద్దున్నే లేచి ఏం మాట్లాడింది, ఎవరితో మాట్లాడింది? నోము అబద్ధమని ఫకీరుకి ఒక్కసారైనా అనుమానం రాలేదా? వస్తే ఏం చెప్పి తప్పించుకుంది? వాడి పక్కనే సంగు అని ఒకామె ఉంటుంది, ఆమెకి ఇదంతా తెలుసా? వీళ్లిద్దరూ ఎప్పుడైనా కూర్చుని మాట్లాడుకున్నారా?

ముందు నోముకి నిబంధనలు రాసుకో. ఏ రోజు ఏం చెయ్యాలి, ఏది తప్పితే నోము చెడుతుంది, ఫకీరు ఏ హద్దు దాటకూడదు, అన్నీ. అవి గట్టిగా ఉంటే కథ దానంతటదే నడుస్తుంది. చిలక సంగతి మాత్రం తొందరపడి తేల్చెయ్యకు. దాన్ని కొడుకే చంపాలని ఎక్కడా లేదు కదా, నీ నవల్లో.

వెనక ఎవరో చెయ్యెత్తారు, చెప్పండి బాబూ.